వేలిముద్ర సీను

ఆ ఏడాది మా ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు సినిమా తీశారు. నేను ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండేదాన్ని. మా ఊరు ఆమదాలవలసకి దగ్గరే, ఆటో ఎక్కితే రైలుగేటు దాటే లోపు దిగిపోవచ్చు. సినిమా అంటే టౌనులో ఆడేలాంటిది కాదు. అన్నం వార్చి దించేంత సేపు కూడా ఉండదు. సోషలు మాస్టారు తన ఫోను ఇచ్చారు. బడికి అప్పటికే కంప్యూటర్లు వచ్చి ఉన్నాయి, గోడకి తెల్ల తెర ఉంది. ఊళ్ళో మనుషుల కథ ఒకటి పట్టుకుని, దాన్ని బొమ్మలుగా తీసి, మాటలు చేర్చి పదిమందికి చూపించడం కూడా చదువేనని ఆ మాస్టారి పట్టుదల. కథ పిల్లలే వెతకాలి, పిల్లలే తీయాలి, కంప్యూటర్లో ముక్కలు పిల్లలే అతకాలి. తాను చెయ్యి పెట్టనని మొదటిరోజే చెప్పేశారు. వార్షికోత్సవం నాడు ఊరందరి ముందూ వేద్దామన్నారు.

పిల్లలు నా కథ ఎంచుకున్నారు.

నేను నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. చర్చి వరండాలో, రిటైరైన టీచరమ్మ ఒకావిడ సాయంత్రాలు ఆడవాళ్ళకి చదువు చెప్పేది. ఊడ్పుల రోజుల్లో నడుం విరిగిపోతున్నా పలక పట్టుకుని వెళ్ళేదాన్ని. కూడబలుక్కుని చదవడం వచ్చాక వదల్లేదు, కాగితం మీద ఏముంటే అది చదివాను. పకోడీలు కట్టిచ్చిన పేపరుముక్క కూడా పకోడీలు అయిపోయాక చదివేదాన్ని. వంటగది గోడ మీద ఆ రోజు ఏం వండామో సుద్దముక్కతో రాసే పని నాదే. పిల్లలు నా రాత చూసి కంచాలు కడుక్కోవడానికి పరిగెత్తేవాళ్ళు, గుడ్డు అని ఉన్న రోజు మరీను. ఆ రాత వెనకాల కథేమిటో అడిగి తెలుసుకుని, ఇదే సినిమా అని తీర్మానించేశారు.

డైరెక్టరు ఒక ఆడపిల్ల. మా వీధి పిల్లే, నన్ను పిన్నీ అంటుంది. రెండు జడలు, పెద్ద గొంతు. తన మాట నెగ్గేదాకా భోజనం కంచం కూడా ముట్టదు. ఫోను పట్టుకున్నవాడు పొడుగాటి కుర్రాడు, వాడు కెమెరామేను. మిగతా నలుగురూ ఏ రోజు ఏ పని దొరికితే ఆ పని చేసేవాళ్ళు.

సామాను కోసం వాళ్ళు బజారుకి వెళ్ళలేదు. మా వంటగదిలోకి వచ్చారు. ఫోనుని అన్నం తెడ్డుకి కట్టి, ఆ తెడ్డుని ఇసక బకెట్లో పాతారు. మొహం మీద వెలుగు పడాలని గుండిగ మీది అల్యూమినియం మూత పట్టుకుపోయి ఎండకి ఎదురుగా పట్టారు. నాతో కలిసి వండే ఆవిడ నాకన్నా పెద్దది. నేను అప్పా అంటాను, ఆవిడ నన్ను సెల్లీ అంటుంది. కోపం వస్తే ఒసే అంటుంది. మూత పోగానే ఆవిడ గుమ్మంలోకి వచ్చి కేక పెట్టింది.

"ఒరే గుంటలూ! ఆ మూతట్టుకుపోతే పప్పు మీద ఏటి బోర్లించాలిరా? మీ డైరెక్టరమ్మ బుర్రా?"

"ఒక్క షాటే అమ్మమ్మా!"

"పొద్దున్నుంచీ ఆ ఒక్క షాటే కదేటి తీస్తన్నారు!"

నాకు కెమెరా అంటే భయం లేదు. బడి పిల్లలంతా రోజూ కంచాలు పట్టుకుని నా ఎదురుగా నిలబడతారు, నా చేతివంకే చూస్తారు. ఒక్క ఫోను నన్నేం చేస్తుంది? ముందు సంతకం సీను తీశారు. అది కథ చివర్లో వస్తుందట, అయినా ఎండ బాగుందని ముందు తీసేశారు. సినిమాలు అలాగే తీస్తారని ఆ పిల్ల నాకు చెప్పింది. నేను బల్ల దగ్గర కూర్చుని నా పేరు రాయాలి. రాశాను. బల్ల కదిలిందన్నారు, మళ్ళీ రాశాను. వెనకనుంచి కుక్క పోయిందన్నారు. చెయ్యి మాత్రమే వచ్చింది మొహం రాలేదన్నారు, మొహం వచ్చింది చెయ్యి రాలేదన్నారు. కాగితం నిండా నా పేరే. నాకు విసుగనిపించలేదు. ఇంకో కాగితం ఇచ్చినా రాసేదాన్ని.

మర్నాడు పిల్లలు నన్ను రేషను డిపో దగ్గరకి రమ్మన్నారు. మొదటి సీను అక్కడ తీస్తారట. వెళ్ళాను. డిపో ఆయన బియ్యం తూస్తున్నాడు, బల్ల మీద వేలు పెట్టే మిషను ఉంది. కెమెరా కుర్రాడు తెడ్డు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

"పిన్నీ, మిషను మీద ఏలెట్టు. మొహం ఏడుపుమొహంలాగ ఉండాల," అంది డైరెక్టరు.

"ఎందుకే ఏడుపుమొహం? బియ్యమిస్తన్నారు కదా!"

"అలా కాదు. నీకప్పుడు సదువు రాదు కదా. సదువు రాక ఏలిముద్ర ఏస్తన్నావు, అదీ సీను."

నాకు నవ్వాగలేదు. డిపో ఆయన కూడా బియ్యం తూయడం ఆపి నవ్వాడు.

"ఇది కాదే ఆ ఏలిముద్ర!" అన్నాను. "దీని మీద మీ అమ్మా ఏస్తాది, మీ బాబూ ఏస్తాడు. మీ హెడ్మాస్టరుగారు పొద్దున్నే బడికి రాగానే ఏలెట్టి మరీ లోపలికెల్తారు. ఆయనకి సదువు రాదేటి?"

ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడర్థమైంది నాకు. ఈ పిల్లలు పుట్టి బుద్ధెరిగేసరికి వేలు పెట్టడమంటే మిషనే. పచ్చలైటు వెలిగితే బియ్యం వస్తాయి, ఎర్రలైటు వెలిగితే వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టాలి. సిరా వాళ్ళు చూడలేదు. వేలిముద్ర అంటే సిగ్గని కథలో విన్నారు, ఆ సిగ్గు ఈ మిషనులోనే ఎక్కడో ఉందనుకుని కెమెరా తెచ్చారు.

నీలం సిరా గురించి చెప్పాను. సిరా పూసిన మెత్త, దాని మీద వేలు, తరవాత కాగితం మీద వేలు. డైరెక్టరు కళ్ళు వెలిగాయి.

"హెడ్మాస్టరుగారి బల్ల మీద స్టాంపు మెత్త ఉన్నాది! నాను అడిగి తెస్తాను. రేపు నువ్వు దాని మీద ఏసీయి పిన్నీ."

"నాను ఎయ్యను," అన్నాను.

సంతకం నేర్చుకుని, మా ఆడవాళ్ళ పొదుపు సంఘం కాగితం మీద మొదటిసారి పేరు రాసిన రోజున, ఈ వేలికి ఇంక సిరా అంటనివ్వకూడదని అనుకున్నాను. దేవుడి ముందు ఒట్టేమీ పెట్టుకోలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. నాలో నేను అనుకున్నానంతే. మిషను మీద పెట్టమంటే పెడతాను, అది లోకమంతా పెట్టేది. సిరా మాత్రం ముట్టుకోను. అలాంటిది ఇప్పుడు ఊరందరి ముందూ, తెరంత పెద్ద వేలుతో, నీలం సిరా పూసుకుని కనపడాలా?

కానీ ఆ సీను లేకపోతే సినిమా లేదు. అదీ నాకు తెలుసు. ఒక మనిషి బల్ల దగ్గర కూర్చుని పేరు రాస్తే చూసేవాళ్ళకేముంది? పేరు అందరూ రాస్తారు. ముందు ఆ వేలు పడితేనే తరవాత ఈ సంతకానికి విలువ. ఆ పిల్ల ఇదే మాట నాతో వాదించింది, దాని వాదనలో తప్పులేదు. వార్షికోత్సవం దగ్గరపడుతోంది. వేరే కథ వెతుక్కునే వేళ దాటిపోయింది.

నా బదులు వేరే వేళ్ళు చూశారు. కెమెరా కుర్రాడు తన వేలు ముంచి కాగితం మీద వేశాడు. ఫోనులో పెద్దది చేసి చూస్తే లేత బెండకాయలాగ ఉంది.

"ఇది పొలం పని సేసిన ఏలు అంటే ఎవుడు నమ్ముతాడురా?" అని డైరెక్టరు వాణ్ణి కసిరింది.

అప్ప తన వేలు ఇస్తానంది.

"నా ఏలు తీసుకోండర్రా. నాకేటి? నాను ఇప్పటికీ ఏస్తన్నాను. బంగారం లాంటి ఏలు, అద్దెకి కూడా అడగను."

"వద్దప్పా," అన్నాను నేను.

"ఒసే, నువ్వెయ్యవు, నన్నెయ్యనివ్వవు. నా ఏలికి నువ్వేటి కాపలా?"

"నా కథలో సిగ్గుపడాల్సిన సోట నీ ఏలెట్టి, మంచి సోట నా సెయ్యెట్టుకుంటే బాగుంటాదేటి?"

అప్ప గరిటె తీసుకుని, "అయితే మానీ. నాకు పప్పు మాడిపోతన్నాది," అని లోపలికి పోయింది. ఆ రోజు నాతో ఎక్కువ మాట్లాడలేదు. కానీ మధ్యాహ్నం నా కంచంలో మాత్రం గుడ్డు పక్కనే తన వాటా ఉల్లిపాయ కూడా పెట్టింది.

మాస్టారు వంటగదికి వచ్చి, "మీకు ఇష్టం లేకపోతే మానేద్దామమ్మా. పిల్లలకి నేను చెప్తాను," అన్నారు. మంచి మనిషి. ఆయన వెనకే డైరెక్టరు నిలబడి ఉంది. ఆయన వెళ్ళిపోయాక అది లోపలికి వచ్చింది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఎదురుగా కూర్చుని తనూ ఒక చేట లాక్కుని ఏరడం మొదలుపెట్టింది. రాళ్ళకంటే బియ్యమే ఎక్కువ పారేస్తోంది.

"పిన్నీ, అది ఉత్త నటన కదా? మొన్న తెలుగు నాటకంలో మన కెమెరా కుర్రోడు దొంగేషం ఏసినాడు. దొంగయిపోయినాడేటి?"

"ఆడు నిజంగా దొంగయ్యుంటే ఆ ఏషం ఎయ్యడు."

చేటలో ఇంకో గుప్పెడు ఏరింది.

"పోనీ ఎందుకెయ్యవో సెప్పు. నాకు తెలిస్తే మానీమంటాను."

చెప్పాను. సంఘం పెట్టిన కొత్తలో మమ్మల్నందరినీ టౌనులో బ్యాంకుకి తీసుకెళ్ళారు. వరసలో నిలబడ్డాం. నేను ఆ రోజు ఉన్నవాటిలో మంచి చీర కట్టుకున్నాను, తలకి నూనె రాసుకుని నున్నగా దువ్వుకున్నాను. ఆ గుమస్తాతో ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. నా వంతు వచ్చింది. ఆయన తల ఎత్తలేదు. చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు, వేళ్ళు విడదీశాడు, బొటనవేలు మెత్త మీద అద్దాడు, కాగితం మీద దొర్లించాడు, వదిలేశాడు. చెడ్డవాడు కాదు, తిట్టలేదు, కసరలేదు. వెనకాల ఇంకా ఎంతోమంది ఉన్నారు. మేం పక్కకి వెళ్ళి వేళ్ళు జుట్టుకి రుద్దుకున్నాం. నూనెకి సిరా పోతుందని ఎవరో చెప్పారు. నేను అనుకుంటూ వెళ్ళిన మాటలు అలాగే తిరిగొచ్చాయి.

ఆ పిల్ల శ్రద్ధగా విన్నది. విని, "అంతేనా?" అంది.

వెటకారంగా అనలేదు. నిజంగానే దానికి కనపడలేదు. "సెయ్యట్టుకున్నాడు, ఏయించుకున్నాడు, వదిలీసినాడు. అంతే కదా పిన్నీ? డాక్టరు కూడా సెయ్యట్టుకుంటాడు కదా."

నేను చేట పక్కన పెట్టాను. ఇంక దాన్ని మాటలతో చెప్పడం నా వల్ల కాదని తెలిసింది. నాకు రాని మాటలు లేవు ఆ రోజుకి. ఉన్న మాటలన్నీ వాడినా ఆ పిల్ల దగ్గర అది "అంతేనా" అయిపోతోంది.

"ఒక పని సేద్దాం," అన్నాను. "నా ఏషం నువ్వెయ్యి. నాను బేంకాయన ఏషం ఏస్తాను."

అది పకపకా నవ్వింది. "నువ్వు మగేషం ఏస్తావా!"

"మగాడూ వద్దు, మీసాలూ వద్దు. నా మొహం సూపించకండి. సెయ్యి సాలు. ఆయన మొహం నాకూ తెల్దు. నాను సూసింది సెయ్యే."

ఈ మాట దానికి బాగా నచ్చింది. డైరెక్టర్లకి నచ్చేలాంటి మాట కాబోలు. పరిగెత్తుకెళ్ళి జట్టుని పోగేసింది.

కంప్యూటర్ల గదిలో ఒక బల్ల అడ్డం పెట్టి కౌంటరు అన్నారు. స్టాంపు మెత్త వచ్చింది. మాస్టారి పాత చొక్కా నాకు చీర మీదే తొడిగారు, చేతులు మోచేతుల దాకా కనపడేలా. డైరెక్టరుకి నా చీర కట్టింది అప్ప. కట్టేంతసేపూ ఊరుకోలేదు.

"కదలకే గుంటా! పెళ్ళికూతురికి కూడా ఇంతసేపు పట్టదు. నడుం ఏదే నీకు? ఎక్కడ దోపాలి కుచ్చిళ్ళు?"

"అమ్మమ్మా, నాను నలభై ఏళ్ళదాన్లాగ ఉండాల."

"నా సెల్లి నలభైలో నీకన్నా బాగుండేది, పో."

ఏం చేయాలో ఆ పిల్ల అందరికీ చెప్పింది. తను వరసలోంచి వస్తుంది, "బాబూ, ఇందులో ఏటి రాసున్నాది?" అని అడుగుతుంది, అప్పుడు నేను చెయ్యి పట్టుకోవాలి. అది దాని ఏర్పాటు. నేను తల ఊపానంతే.

కెమెరా కుర్రాడు "స్టార్ట్" అన్నాడు. వరస కదిలింది. ఆ పిల్ల వచ్చి బల్ల ముందు నిలబడింది. నేను తల ఎత్తలేదు. అది నోరు తెరిచేలోపు చెయ్యి చాపి మణికట్టు పట్టుకున్నాను. అనుకోలేదేమో, చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. నేను వదల్లేదు. వేళ్ళు విడదీశాను. మెత్త మీద అద్దాను, కాగితం మీద పెట్టి దాని గోరు మీద నా వేలితో నొక్కి దొర్లించాను. వదిలేశాను.

"తరవాత."

అది కదల్లేదు. అడగాల్సిన మాట ఇంకా నోట్లోనే ఉంది.

"పక్కకి జరుగు," అన్నాను తలెత్తకుండానే.

జరిగింది. నేను కాగితంవంకే చూస్తున్నాను కాబట్టి తరవాతది ఆ పూట చూడలేదు, ఫోనులో చూశాను. గోడ పక్కకి వెళ్ళి నిలబడింది. బొటనవేలివంక చూసుకుంది. ఎవరూ చెప్పకుండానే దాన్ని మిగతా వేళ్ళ లోపలికి మడిచేసి, గుప్పిటని కొంగు చాటున దాచుకుంది.

ముందు కెమెరా కుర్రాడే తేరుకున్నాడు. "ఓర్నాయనో, అదిరిపోయినాది! కానీ ఆటో హారను పడిపోయినాది మధ్యలో. ఒక్కసారి మళ్ళీ సేద్దాం."

"నాను మళ్ళీ ఎయ్యను," అంది డైరెక్టరు.

"ఏటే? హారను ఉన్నాదంటే!"

"ఉంటే ఉండనీ."

"సంతకం సీను పిన్నిసేత ఎన్నిసార్లు సేయించినావు నువ్వు? కుక్క పోయినాదని కూడా మళ్ళీ సేయించినావు!"

"అది సంతకంరా," అంది. గుప్పిట ఇంకా విప్పలేదు. "ఇది ఎయ్యను. నువ్వు కావాలంటే ఏసుకో."

వాడు వేసుకోలేదు. తెడ్డుకి కట్టిన ఫోను విప్పుకున్నాడు.

నేను ఆ పిల్లని వంటగదికి తీసుకెళ్ళి, కొబ్బరినూనె రాసి, సబ్బుతో వేలు రుద్దాను. పూర్తిగా పోలేదు. గోరు పక్కన నీలం మిగిలింది. దాన్నే చూసుకుంటూ, "గట్టిగా పట్టుకున్నావు పిన్నీ," అంది.

"నొప్పెట్టినాదా?"

"నొప్పి నేదు. నాను నీకు మాట సెప్పాలని వచ్చినాను కదా, నువ్వు వినలేదు," అంది.

నేను దాని తల నిమిరి, సబ్బు కడిగి పక్కన పెట్టాను.

సినిమా హారనుతోనే ఉంచారు. మాస్టారు చెప్పినట్టుగానే దేన్లోనూ చెయ్యి పెట్టలేదు. ముక్కలు అతకడంలో పిల్లలు కొట్టుకున్నంత పని చేశారు. ఒకడికి పాట కావాలి, ఒకత్తెకి వద్దు. చివరికి పాట లేకుండానే వదిలేశారు.

వార్షికోత్సవం నాడు బడి మైదానంలో తెర కట్టారు. చీకటి పడుతుండగానే ఊరు వచ్చేసింది. ముందు వరసలో ముసలివాళ్ళు, మా సంఘం ఆడవాళ్ళు కూర్చున్నారు, వాళ్ళ వెనక చాప మీద నేనూ అప్పా. చీర కట్టుకుని డైరెక్టరు వరసలో నిలబడగానే పిల్లలు ఈలలు వేశారు. ఆ చెయ్యి మణికట్టు పట్టుకోగానే ఈలలు ఆగిపోయాయి. హారను మోగింది. ముందు వరసలో ఒక ముసలమ్మ, ఆవిడ మాతో ఆ రోజు బ్యాంకుకి వచ్చినావిడే, పక్కావిడతో గట్టిగా అంది.

"ఎవుడే ఆ బేంకోడు, పిల్ల సెయ్యి ఇరిసీలాగున్నాడు!"

"బేంకోడు కాదు, మన వంటమ్మే!" అని అప్ప వెనకనుంచి అరిచింది. అందరూ గొల్లుమన్నారు. నేను లేచి నిలబడి చెయ్యి చూపించాను, మళ్ళీ నవ్వారు. సంతకం సీను వచ్చేసరికి అంత నవ్వూ సర్దుకుంది. కాగితం మీద నా పేరు ఒక్కొక్క అక్షరమే పడుతుంటే మా సంఘంలో ఒకావిడ పైకి చదివింది.

మండలంనుంచి ఒక ఆఫీసరుగారు అతిథిగా వచ్చారు. సినిమా చాలా మెచ్చుకున్నారు. డైరెక్టరుని పిలిచి మైకు ఇచ్చారు. ఆయనే అడిగారు.

"చాలా బాగా తీశారమ్మా. కానీ ఆమె ఇక్కడే ఉన్నారు కదా. వేలిముద్ర కూడా ఆమెతోనే వేయించి ఉంటే ఇంకా సహజంగా ఉండేది. ఎందుకు వేయించలేదు?"

అది మైకు రెండు చేతులతో పట్టుకుంది. "ఎయ్యనన్నాది సార్."

"మీరు నచ్చజెప్పలేకపోయారా?"

"ముందు నచ్చజెప్పినాం సార్. తరవాత మానీసినాం." మైకు నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకుని, "ఎయ్యనన్నాది, అంతే సార్," అంది.

ఆయన నవ్వి, మంచిదన్నట్టు తల ఊపారు. అది మైకు ఆయనకే ఇచ్చేసి, వేదిక దిగి, కుర్చీల్లో కూర్చోకుండా తిన్నగా మా చాప మీదకి వచ్చి నన్ను జరగమంది. జరిగాను. అప్ప రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. ఆవిడకి ఈల వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.